అయిదు వందలు

వర్జీనియా వూల్ఫ్ పేరెత్తగానే మనకి గది గుర్తొస్తుంది. 1929లో వచ్చిన ఆ పుస్తకం పేరే అది కాబట్టి తప్పు లేదు. సదస్సుల్లో, పరిశోధనా పత్రాల్లో అందరం గది గురించే మాట్లాడాం. గదితో పాటు ఆమె అడిగిన ఏడాదికి 500 పౌన్ల సంగతి మాత్రం ఒక్క వాక్యంలో తేల్చేస్తాం. సాహిత్య విమర్శలో డబ్బు గురించి మాట్లాడటం మనకి కాస్త నామోషీ.

మొదట నేనూ అలాగే చదివాను. ఫెలోషిప్ అయిపోయి, పీరియడ్‌కి ఇంత అని లెక్కకట్టి ఇచ్చే గెస్టు లెక్చరర్‌గా మూడో ఏడు నడుస్తుండగా, వేసవి సెలవుల్లో (పీరియడ్లూ లేవు, డబ్బూ లేదు) మళ్లీ తీశాను. ఈసారి రెండో అధ్యాయం దగ్గర ఆగిపోయాను.

ఆస్తి రాకముందు తానెలా బతికిందో కథకురాలు అక్కడ చెప్తుంది. పత్రికలకి గాడిదల ప్రదర్శన గురించో, ఎవరి పెళ్లి గురించో నాలుగు ముక్కలు రాయడం, కవర్ల మీద చిరునామాలు రాయడం, ముసలమ్మలకి చదివి వినిపించడం, పిల్లలకి అక్షరాలు నేర్పడం. ఆ చాకిరీ కన్నా ఆ రోజులు తనలో నింపిన భయమూ చేదూ ఎక్కువ కాలం బాధించాయంటుంది. ఇతరుల్ని పొగడాల్సి రావడం, ఉన్న కాస్త ప్రతిభా తుప్పు పట్టిపోతోందన్న దిగులు. డబ్బు వచ్చాక ఆమె చెప్పుకున్న లాభం ఇల్లూ కాదు, నగా కాదు. ఇక ఏ మగవాణ్ణీ ద్వేషించనక్కర్లేదు, ఎవర్నీ పొగడనక్కర్లేదు.

పొగడటం అన్న మాట దగ్గర నాకు చెమటలు పట్టాయి. పై వాళ్ల కవితా సంపుటాల మీద నేను రాసిన సమీక్షలు గుర్తొచ్చాయి. ఆ పుస్తకాలు నాకు నచ్చలేదు. జూన్‌లో మళ్లీ పిలుస్తారో లేదో అన్నదే ఆ సమీక్షల్లోని విమర్శనా సూత్రం.

వూల్ఫ్ చెప్పింది పేదరికం గురించి కాదు. డబ్బు భయం వేరు. నాకు ఏడాది మొత్తం మీద వచ్చేది మా బంధువుల్లో చాలామందికి వచ్చే దానికంటే ఎక్కువే. ఎప్పుడొస్తుందో, వచ్చే ఏడు వస్తుందో రాదో తెలీదు, అంతే. ఆ అయిదు వందల్లోని మహిమ అంకెలో లేదు. ఏటేటా వస్తుందన్న నిశ్చయంలో ఉంది. ఓటు హక్కు చట్టమూ, ఆస్తి వార్తా దాదాపు ఒకేసారి వస్తే, రెంటిలో డబ్బే ఎక్కువ ముఖ్యమనిపించిందని మొహమాటం లేకుండా ఒప్పుకుంటుంది.

ఆ డబ్బు ఎక్కడిది? బొంబాయిలో గుర్రం మీంచి పడి చనిపోయిన బంధువుది (పిన్నో మేనత్తో ఇంగ్లీషులో తెలీదు). నిజ జీవితంలో వూల్ఫ్‌కి 2,500 పౌన్లు వదిలి వెళ్లింది ఆమె మేనత్త కరోలిన్ ఎమీలియా స్టీఫెన్. 1909లో ఆమె పోయింది కేంబ్రిడ్జిలో, బొంబాయిలో కాదు. బొంబాయిని వూల్ఫే తెచ్చి పెట్టింది. వ్యంగ్యమో, నిజాయితీయో తేల్చుకోలేకపోతున్నాను. ఆమె నిశ్చింత వెనక మన దేశపు సొమ్ము ఉందన్న మాట మాత్రం దాటిపోలేను.

నాలుగో అధ్యాయంతో నాకు పేచీ ఉంది. 'జేన్ ఐర్'లో జేన్ మేడ మీద నిలబడి, ఇంకా పెద్ద లోకం కావాలని కోరుకుంటూ ఆలోచిస్తుంటే హఠాత్తుగా గ్రేస్ పూల్ నవ్వు వినిపిస్తుంది. ఇక్కడ కథనం కుదుపుకి లోనైందని, కోపం షార్లెట్ బ్రాంటీ రచనని వంకర తిప్పిందని వూల్ఫ్ తీర్పు. ఏడాదికి 300 పౌన్లు ఉండి ఉంటే బ్రాంటీ ఏమయ్యేదో అనీ అనుకుంటుంది పాపం. కానీ బ్రాంటీ 1841లో గవర్నెస్‌గా చేరింది ఏడాదికి 20 పౌన్లకి, అందులోంచి బట్టల ఉతుకుడికి 4 పౌన్లు కోత. పెద్ద ఆలోచన సాగుతుండగా మధ్యలో ఏదో వచ్చి కుదిపెయ్యడం, భయంలో బతికే మనిషి మనసు నడిచే తీరే అది. అద్దె తేదీ గుర్తొచ్చిన ప్రతిసారీ నా వాక్యం అలాగే తెగుతుంది. దాన్ని లోపంగా లెక్కేస్తే మన రచయిత్రుల పుస్తకాల్లో సగం పక్కన పెట్టాలి.

ఆ చర్చలో వూల్ఫ్ ఎత్తని విషయం మరొకటుంది. జేన్‌కీ ఆస్తి వస్తుంది, మదీరాలో వ్యాపారం చేసిన తండ్రి సోదరుడి నుంచి 20,000 పౌన్లు. దాన్ని నలుగురికీ సమంగా పంచి, తన వాటా 5,000 చేతిలో ఉన్నాకే రోచెస్టర్ దగ్గరికి తిరిగి వెళ్తుంది. బ్రాంటీ 1847లో వేసిన లెక్కే వూల్ఫ్ మళ్లీ వేసింది. ఇద్దరికీ డబ్బు సముద్రాల అవతలి నుంచే రావాల్సొచ్చింది.

మదీరాలోనూ బొంబాయిలోనూ ఎవరూ లేని ఆడవాళ్ల మాటేమిటి? మా అమ్మకి చట్టం ఉంది. 1985లో ఆంధ్రప్రదేశ్, 2005లో కేంద్రం చేసిన సవరణల పుణ్యమా అని కూతుళ్లకీ వాటా వచ్చింది. అమ్మ తన వాటా మామయ్యలకి సంతకం పెట్టి ఇచ్చేసింది, పుట్టింటి గడప ఉంటే చాలని. మరో పక్క మినప్పప్పు డబ్బాలో అయిదు వందల నోట్లు దాచింది. 2016 నవంబరు 8 రాత్రి నోట్ల రద్దు ప్రకటించాక, మర్నాడు గొంతు తగ్గించి ఫోన్ చేసింది.

"ఎన్నున్నాయమ్మా?"

"ముప్ఫై ఏడు. నాన్నకి చెప్పకే."

గృహిణులు రెండున్నర లక్షల దాకా జమ చేసినా ఇబ్బంది పెట్టమని ప్రభుత్వం చెప్పింది. అమ్మ భయపడ్డ ప్రశ్న ఆదాయపు పన్ను వాళ్లు అడిగేది కాదు. ఉన్న ఒక్క ఖాతా నాన్నతో ఉమ్మడిది. జమ చేసిన రోజు నాన్న, "ఇంత గుట్టు మనిషివా!" అని నవ్వారట. కోప్పడలేదు. ఆ డబ్బు మేడ మీద కారుతున్న కప్పు బాగు చేయించడానికి పోయింది.

పదకొండేళ్లపాటు ఆ నోట్లతో ఆమె ఏదీ కొనలేదు. అప్పుడప్పుడు డబ్బా మూత తీసి చూసుకునేదట. వూల్ఫ్ ఏటా వచ్చే డబ్బుతో పోగొట్టుకున్న భయాన్ని అమ్మ అలా అదుపులో ఉంచుకుంది. తుప్పు వదల్లేదు, పెరగనివ్వలేదు. నాకు డాక్టరేట్ ఉంది గానీ ఆ ఓపిక లేదు. ఫోన్‌లో బ్యాంకు నిల్వ రోజుకి నాలుగుసార్లు చూస్తాను, భయం పెరుగుతుందే గాని తగ్గదు.

కొత్త నోట్లతో మళ్లీ మొదలుపెట్టిందని పిన్ని చెప్పింది. ఎంతయిందని అడిగితే అమ్మ నాకు కూడా చెప్పలేదు.