తాడా, పామా? - కంప్యూటరు కాపలాదారుల తీర్పులు

మసకచీకటిలో తాడును చూచి పామని భ్రమపడుట శాస్త్రకారులు తరచుగా చెప్పు ఉదాహరణము. దీనికి ఎదురుగా మరియొక పొరపాటుకూడ కలదు: పామును చూచి తాడనుకొని కాలు మోపుట. మొదటిదానివలన అనవసరమైన భయము కలుగును. రెండవదానివలన ప్రాణమే పోవచ్చును. కంప్యూటర్లను కాపాడుటకై ఏర్పడిన యాంటీవైరస్ ప్రోగ్రాములు చేయు తప్పులును ఈ రెండు తెగలకు చెందినవే. అవి పట్టిన పాముల సంఖ్యను వ్యాపారప్రకటనలు పెద్ద అక్షరములతో చాటుచుండును. పాములనుకొని కొట్టిన తాళ్ళ లెక్క మాత్రము ఆ ప్రకటనలలో సాధారణముగా కనిపించదు. రక్షకసాధనము విలువను నిర్ణయించుటకు ఈ రెండవ లెక్కయు మొదటిదానంత అవసరము.

ఒక ఉన్నతపాఠశాలలో సైన్సు ఉపాధ్యాయుడు గ్రహముల చలనమును చూపు చిన్న ప్రోగ్రామును ఇంటర్నెట్ నుండి దించుకొనెననుకొనుడు. దానిని తెరువకముందే తెరపై ఎర్రని పెట్టె ప్రత్యక్షమగును: “ప్రమాదకరమైన ట్రోజన్ కనుగొనబడినది, తొలగింపబడినది.” ప్రోగ్రాము దొరకిన చోట, “యాంటీవైరస్ తప్పుగా అరచును, దానిని ఆపివేసి వాడుకొనుడు” అని వ్రాసియుండును. ఇద్దరిలో ఎవరిని నమ్మవలెను? భయపడి మంచి బోధనోపకరణమును వదలుకొనుట ఒక నష్టము. ఆ మాట నమ్మి కాపలా తొలగించి, విద్యార్థుల మార్కులు, చిరునామాలు ఉన్న కంప్యూటరులోనికి దొంగను రానిచ్చుట అంతకన్న పెద్ద నష్టము. కాబట్టి ఆ ఎర్రని పెట్టె వెనుక ఏమి జరుగుచున్నదో తెలిసికొనవలెను.

అనుమానము ఎట్లు పుట్టును?

వైరసులను కనిపెట్టుటకు మొదట వచ్చిన పద్ధతి పోలిక చూచుట. పోలీసుల వద్ద పాత నేరస్థుల వ్రేలిముద్రలున్నట్లు, యాంటీవైరస్ వద్ద తెలిసిన వైరసుల గురుతుల పట్టిక యుండును. ఫైలులో అట్టి గురుతు కనిపించిన వెంటనే అది పట్టుబడును. పట్టికలో లేని కొత్త వైరసు ఈ పద్ధతికి చిక్కదు. అందుచేత రెండవ పద్ధతి వచ్చినది. దీనిలో ఫైలు ఎవరిదని గాక, దాని లక్షణములు, నడవడి ఎట్లున్నవని చూతురు. ఇతర ప్రోగ్రాముల పనిలో తల దూర్చుచున్నదా, మీటలపై వ్రేలు పడినపుడెల్ల గమనించుచున్నదా, తన లోపలి భాగమును గట్టిగా మూటకట్టి దాచుచున్నదా అను ప్రశ్నలకు వచ్చిన జవాబులను బట్టి అనుమానపు మార్కులు వేయుదురు. మూడవది పలుకుబడి పద్ధతి. ఈ ఫైలును లోకములో ఎందరు వాడుచున్నారు, ఎన్నాళ్ళుగా వాడుచున్నారు, దానిపై తయారుచేసినవారి డిజిటల్ సంతకమున్నదా అని ఇందులో విచారింతురు.

ఈ మూడును తెలివైన పద్ధతులే. కాని తప్పుడు కేకలకు మూలముకూడ ఇక్కడనే యున్నది. ఆంగ్లపు మీటలపై తెలుగు టైపు చేయించు ప్రోగ్రాములు కొన్ని ప్రతి మీటను మధ్యలో అందుకొని, దానిని తెలుగు అక్షరముగ మార్చి పంపును. రహస్యపదములను దొంగిలించు ప్రోగ్రాముకూడ మీటలను మధ్యలోనే అందుకొనును. పనిముట్టు ఒకటే, ఉద్దేశములు వేరు. యంత్రమునకు కనిపించునది పనిముట్టేగాని ఉద్దేశము కాదు. అట్లే ఫైలును చిన్నదిగ చేయుటకు మంచివారును మూట కట్టుదురు. గురుతు దాచుటకు దొంగలును మూట కట్టుదురు.

పలుకుబడి పద్ధతిలో మరియొక అన్యాయము దాగియున్నది. పెద్ద కంపెనీ ప్రోగ్రాము విడుదలైన దినముననే లక్షలమందికి చేరును. ఒంటరిగా కూర్చుండి ఒక భాషకో, ఒక పాఠమునకో పనికివచ్చు సాధనమును వ్రాసి ఉచితముగ పంచువానికి అంత ప్రచారముండదు. గుర్తింపుగల సంస్థనుండి సంతకపు ధ్రువపత్రము పొందుటకు సాధారణముగా సొమ్ము చెల్లింపవలెను. గడువు తీరిన తరువాత మరల చెల్లింపవలెను. కొత్తది, చిన్నది, సంతకము లేనిది అను మూడు లక్షణములు నేరములు కాకపోయినను, మూడును ఒకచోట చేరినపుడు అనుమానము బలపడును. తక్కువమంది వాడు భాషల సాధనములకు ఈ దెబ్బ ఎక్కువగా తగులుట సహజము.

గణితము గీచిన హద్దు

తప్పే చేయని యాంటీవైరస్‌ను ఎప్పటికైనను నిర్మింపవచ్చునా? వీలుకాదని అమెరికా శాస్త్రవేత్త ఫ్రెడ్ కోహెన్ 1984లో ప్రకటించిన వ్యాసములో చూపెను. ఆయన తర్కము హైస్కూలు విద్యార్థికిని అందునట్టిది. ఏ ప్రోగ్రామునైనను చూచి “వైరసు”, “కాదు” అని తప్పక సరిగా చెప్పు ఒక పరీక్షకుడు ఉన్నాడనుకొనుడు. ఒక కొంటెవాడు ఆ పరీక్షకుని తన ప్రోగ్రాములోనే అమర్చి, ఇట్లు వ్రాయును: “నన్నుగూర్చి పరీక్షకుని అడుగుము. వైరసని చెప్పినచో ఊరకుండుము. కాదని చెప్పినచో వ్యాపింపుము.” పరీక్షకుడు ఏమి చెప్పినను అబద్ధమే యగును. కాబట్టి అట్టి పరీక్షకుడు ఉండజాలడు. “నూటికి నూరుపాళ్ళు రక్షణ” అను ప్రకటనను నమ్మకుండుటకు ఈ ఒక్క కారణము చాలును.

రెండవ హద్దు సంభావ్యతాశాస్త్రమునకు సంబంధించినది. ఒక కంప్యూటరులో 10,000 ఫైళ్ళున్నవని, వానిలో 10 మాత్రమే చెడ్డవని ఊహింపుడు. కాపలాదారు చెడ్డవానిలో నూటికి 99 పట్టుకొనును; మంచివానిలో నూటికి ఒకదానిని పొరపాటున పట్టుకొనును. వినుటకు ఇది గొప్ప నైపుణ్యమే. కాని లెక్క వేసి చూచినచో, చెడ్డవి ఇంచుమించు 10 పట్టుబడును. మంచివి 9,990లో ఇంచుమించు 100 పట్టుబడును. అనగా మొత్తము 110 కేకలలో నిజమైనవి పదియే! పొరపాటును నూటికి ఒకటినుండి వెయ్యికి ఒకటిగా తగ్గించినను, రెండు కేకలలో ఒకటి తప్పుడుదే యగును. చెడ్డవి అరుదుగా ఉన్నచోట చిన్న పొరపాటు సైతము పెద్ద గందరగోళమగునని ఈ లెక్క నేర్పుచున్నది. ఉపాధ్యాయులు సంభావ్యత బోధించునపుడు దీనిని నల్లబల్లపై వేసి చూపవచ్చును.

చరిత్రలోని కొన్ని కేకలు

ఈ తప్పులు చిన్న ప్రోగ్రాములకే పరిమితము కాలేదు. 2007 మే నెలలో సిమాంటెక్ వారి సాధనము చైనాభాషలోని విండోస్ ఎక్స్‌పీకి చెందిన రెండు ముఖ్యమైన ఫైళ్ళను దొంగప్రోగ్రాములని భావించి తొలగించెను. ఆ కంప్యూటర్లు తిరిగి మొదలు కాలేదు. 2010 ఏప్రిల్ 21న మెకాఫీ విడుదల చేసిన ఒక దినపు గురుతుల పట్టిక విండోస్ ఎక్స్‌పీలోని ప్రాణాధారమైన ఫైలునొకదానిని వైరసని తీర్పు చెప్పెను. కంప్యూటర్లు మాటిమాటికి ఆరి వెలుగుచు, నెట్‌వర్కును కోల్పోయి, ఆసుపత్రులలోను విద్యాసంస్థలలోను పనులు నిలిచిపోయెను. 2011 సెప్టెంబరులో మైక్రోసాఫ్ట్ సాధనము గూగుల్ క్రోమ్ బ్రౌజరునే రహస్యపదముల దొంగగా ముద్రవేసెను.

2012 సెప్టెంబరులో జరిగినది మరింత విచిత్రము. సోఫోస్ వారి సాధనము కొత్త సమాచారమును తెచ్చుకొను తన సొంత భాగమునే అనుమానించెను. తప్పును సవరించు సమాచారము ఆ భాగము ద్వారానే రావలెను! కాపలాదారు దొంగను కట్టబోయి తన కాళ్ళనే కట్టుకొన్నట్లయినది. 2017 ఏప్రిల్‌లో వెబ్‌రూట్ సాధనము విండోస్ ఫైళ్ళను, 2022 సెప్టెంబరులో మైక్రోసాఫ్ట్ డిఫెండర్ అనేకులు నిత్యము వాడు ప్రోగ్రాములను ఇట్లే తప్పుపట్టినవి. తప్పు చేయని సంస్థ లేదు. అందుచేత తప్పు జరిగినదా అనుటకన్న, దానిని ఎంత త్వరగా ఒప్పుకొని సవరించిరి, తొలగించిన ఫైలును తిరిగి తెచ్చుకొను వీలు ఉంచిరా అని విచారించుట న్యాయము.

పదిమంది చెప్పిన మాట

అనుమానము తీర్చుకొనుటకు వైరస్‌టోటల్ అను సేవ మిక్కిలి ప్రసిద్ధము. 2004లో స్పెయిన్ దేశమున పుట్టి, 2012లో గూగుల్ వశమైన ఈ సేవకు ఒక ఫైలును పంపినచో, పదులకొలది యాంటీవైరస్‌ల అభిప్రాయములను ఒకేచోట చూపును. దీనిలో మంచి యున్నది. మోసపోవుటకు తావుకూడ యున్నది. 2010లో కాస్పర్‌స్కీ సంస్థ ఒక ప్రయోగము చేసెను. హాని చేయని 20 ఫైళ్ళను తయారుచేసి, వానిలో పదింటిని తన పట్టికలో కావలెననియే చెడ్డవిగా చేర్చి, అన్నిటిని ఈ సేవకు పంపెను. పది దినములు తిరుగునప్పటికి ఆ పది ఫైళ్ళను ఇతర సంస్థలుకూడ చెడ్డవనుచుండెను. అట్టి సంస్థల సంఖ్య 14 వరకు పోయెను. ఒకరి కాగితమును చూచి మరియొకరు వ్రాసిన పరీక్షలో జవాబులు కలియుట ఆశ్చర్యము కాదు. పదిమంది సాక్షులు ఒకే మాట చెప్పుట బలమైన రుజువే. అయితే ఆ పదిమందియు విడివిడిగా చూచియుండవలెను.

కాబట్టి సంఖ్యతోపాటు మాటలనుకూడ చదువవలెను. పేరుగల సంస్థలు చాలవరకు ఒకే వైరసు కుటుంబమును పేర్కొన్నచో ఆ ఫైలును విడిచిపెట్టుటయే మేలు. ఎక్కడనో ఒకటి రెండు సాధనములు మాత్రమే “సామాన్యము”, “అనుమానాస్పదము”, “యంత్రాభ్యాసము” వంటి అర్థమిచ్చు ముద్రలు వేసినచో, అది పోలికను బట్టి కలిగిన అనుమానము కావచ్చును. కొన్ని దినములు ఆగి మరల పరీక్షించుట ఉత్తమము. నిజమైన వైరసైనచో అప్పటికి పట్టుకొనువారి సంఖ్య పెరుగును. తప్పుడు కేకయైనచో సాధారణముగా తగ్గును.

సంతకమునకును హద్దున్నది

తప్పుడు కేకల చరిత్ర చదివినవారు ప్రతి కేకయు తప్పుడుదేయని తలచుట రెండవ ప్రమాదము. 2017 ఆగస్టు 15న విడుదలైన సీక్లీనర్ 5.33 అను ప్రోగ్రాము అసలు తయారీదారుల స్థానమునుండియే వచ్చినది. దానిపై చెల్లుబాటగు సంతకముకూడ ఉన్నది. అయినను దొంగలు తయారీశాలలోనే చొరబడి అందులో విషము కలిపిరి. దానిని దాదాపు 22.7 లక్షలమంది వాడిరి. ఆ తయారీసంస్థను అంతకు కొలది వారముల ముందే కొన్నది అవాస్ట్ అను యాంటీవైరస్ సంస్థయే!

2016 ఫిబ్రవరి 20న లినక్స్ మింట్ వెబ్‌సైటులో చొరబడినవారు దిగుమతి లింకును మార్చి, దొంగవాకిలి అమర్చిన ప్రతిని జనులకు అందించిరి. ఇట్టి మార్పును కనిపెట్టుటకు షా-256 అను ముద్ర ఉపకరించును. ఇది ఫైలు నుండి లెక్కకట్టిన 64 గుర్తుల వరుస. ఫైలులో ఒక్క అక్షరము మారినను వరుస యావత్తు మారిపోవును. కాని ఫైలును మార్చిన దొంగ అదే పుటలోని ముద్రనుకూడ మార్చగలడు. అందుచేత ముద్రను వేరొక దారిలో పోల్చిచూచుట, తయారీదారుని సంతకమును పరీక్షించుట క్షేమము.

కాపలాదారును ఎన్నుకొనుట

ఆస్ట్రియాలోని ఏవీ-కంపారిటివ్స్, జర్మనీలోని ఏవీ-టెస్ట్ సంస్థలు యాంటీవైరస్‌లను పరీక్షించి ఫలితములు ప్రకటించుచుండును. మొదటిది తప్పుడు కేకలకు ప్రత్యేక పరీక్ష జరిపి, అవి ఎక్కువైనచో బహుమానపు స్థాయిని తగ్గించును. రెండవది రక్షణ, వేగము, వాడుకసౌకర్యము అను మూడింటికి ఆరేసి మార్కులు వేయును. తప్పుడు కేకలు మూడవదానిలో లెక్కకు వచ్చును. పాఠకులు మొత్తము మార్కులతో తృప్తిపడక ఈ భాగమును చూడవలెను. ఒక్కసారి వచ్చిన ప్రథమస్థానముకన్న పలుమార్లు నిలకడగా వచ్చిన మంచి ఫలితము నమ్మదగినది.

నేటి విండోస్‌తోపాటే డిఫెండర్ వచ్చుచున్నది. జాగ్రత్తగా వాడు ఇంటికి, పాఠశాలకు అది తరచుగా చాలును. రెండు యాంటీవైరస్‌లను ఒకేసారి పూర్తిగా పనిచేయించుట రక్షణను రెట్టింపు చేయదు. అవి ఒకదానినొకటి అనుమానించుకొనును. “ఉచితము” అను మాటనుకూడ పరీక్షింపవలెను. అవాస్ట్ తన వినియోగదారుల బ్రౌజింగు సమాచారమును జంప్‌షాట్ అను శాఖ ద్వారా అమ్మినదని వెల్లడియై, 2020లో ఆ శాఖ మూతపడినది. 2024లో అమెరికా వాణిజ్య సంఘము ఆ సంస్థపై 1 కోటి 65 లక్షల డాలర్ల చెల్లింపును విధించెను. ఇంటి దొంగలను చూడవలసినవాడు ఇంటివారి రాకపోకలనే అమ్ముకొనరాదు గదా!

కంప్యూటరు ప్రయోగశాలలకు మరియొక మార్గమున్నది: చెడ్డవాని పట్టికకు బదులు మంచివాని పట్టిక. భారత ప్రభుత్వపు సైబర్ స్వచ్ఛతా కేంద్రము 2017లో ప్రారంభమైనపుడు అందించిన ఆప్‌సంవిద్ ఇట్టిదే. దీనిని రూపొందించినది హైదరాబాదులోని సీ-డాక్. అనుమతి పొందిన ప్రోగ్రాములు తప్ప మరేవియు నడువకుండ ఇది ఆపును. పది పదిహేను ప్రోగ్రాములతో సంవత్సరమంతయు గడుపు పాఠశాలకు ఈ పద్ధతి బాగుగ పొసగును. నిత్యము కొత్తవి ప్రయత్నించువారికి విసుగు కలిగించును.

కాపలాదారు మేలుకొనియున్నాడా అని తెలిసికొనుటకు ఐకార్ పరీక్షాఫైలు కలదు. ఇది 68 గుర్తులు గల నిర్దోషమైన ఫైలు. దీనిని వైరసువలె పట్టుకొనుటకు యాంటీవైరస్ సంస్థలు ఒప్పుకొనియున్నవి. విద్యార్థులకు దీనితో నిర్భయముగా ప్రదర్శన చేయవచ్చును.

అనుసరింపదగిన క్రమము

ఎర్రని పెట్టె కనిపించినపుడు ఫైలును తెరువరాదు, కాపలాను ఆపరాదు. నిర్బంధములో ఉంచి, అది అసలు తయారీదారుని చోటినుండి వచ్చినదేనా, ముద్ర సరిపోవుచున్నదా, సంతకమెవరిది, ఇతర సాధనము లేమనుచున్నవి అని వరుసగా పరీక్షింపవలెను. పొరపాటని తోచినచో యాంటీవైరస్ సంస్థకే ఫైలును పంపి పునర్విచారణ కోరవచ్చును. అట్టి కోరికలను స్వీకరించు ఏర్పాటు పెద్ద సంస్థలకు కలదు. సందేహము తీరనిచో ఆ ప్రోగ్రామును మానుకొనుటయే ఉచితము. తాళము పగులగొట్టిన దొంగప్రతుల విషయములో ఈ విచారణకే తావులేదు. అక్కడ కేక నిజమో కాదో తేల్చగల అసలు ప్రతి యేదియు చేతిలో ఉండదు.

సంస్థలు చేయవలసినదియు కొంత కలదు. వైద్యుడు “ఇది క్షయ కావచ్చును, నిశ్చయము కాదు” అని చెప్పగలిగినట్లు, యాంటీవైరస్ తన అనుమానము ఎంత బలమైనదో, దేనివలన కలిగినదో తేటమాటలలో చెప్పవలెను. నిశ్చయమైనదానికిని, ఊహకును ఒకే ఎర్రరంగు పూయుట శాస్త్రీయము కాదు. తప్పుడు కేకలు వినివిని చెవులు మొద్దుబారిన వినియోగదారుడు నిజమైన కేకనుకూడ మూసివేయును. అప్పుడు ఎంత సూక్ష్మదృష్టిగల సాధనమైనను వ్యర్థమే. కేక అనునది ఫిర్యాదు మాత్రమే; తీర్పు కాదు. తీర్పునకు దీపము వెలిగించి చూచుటయే మార్గము.