నావికుని ఆత్మకథ - సంఘభావము

హ్యూ మల్జాక్ 1963లో ప్రకటించిన ఆత్మకథ ‘ఏ స్టార్ టు స్టీర్ బై’. దీనిని ఏకాకి వీరుని విజయగాథగా చదువుట సులభము. కాని ఆ పఠనము అసమగ్రమని మా అభిప్రాయము.

వెస్టిండీసులోని యూనియన్ ద్వీపమున 1886లో జన్మించిన ఈ నావికుడు అమెరికాలో నౌకాధిపతి పరీక్షయందు ఉత్తీర్ణుడైనను, నల్లజాతివాడగుటచే రెండు దశాబ్దములకు పైగా ఓడల వంటశాలలయందే ఎక్కువగా పనిచేయవలసివచ్చెను. ప్రజ్ఞకు కొదవ లేదు, అవకాశమునకే కొదవ. 1937లో ఏర్పడిన నేషనల్ మారిటైమ్ యూనియన్ తన నియమావళియందే వర్ణవివక్షను నిషేధించినది. మల్జాక్ ఆ సంఘమున చేరి పోరాడెను.

1942లో ‘బుకర్ టి. వాషింగ్టన్’ నౌకకు ఆధిపత్యము లభించు తరుణమున, నల్లవారితో మాత్రమే కూడిన సిబ్బందిని ఆయన అంగీకరింపలేదు. అన్ని జాతులవారును కలిసి పనిచేయవలెనని పట్టుపట్టి సాధించెను. చిరకాలము నిరీక్షించిన పదవి చేతికందిన క్షణముననే దానిని వదలుకొనుటకు సిద్ధపడిన ఈ ఘట్టమే గ్రంథమునకు ప్రాణము.

ఆ నౌకపై ఆయన 22 యాత్రలు నడపెను. అయినను యుద్ధానంతరపు రాజకీయానుమానములు ఆయనను మరల తీరమునకు నెట్టినవి. వ్యక్తి ప్రతిభ యొక్కటే పదవిని తెచ్చిపెట్టలేదు, నిలుపనూ లేదు. కావుననే ఈ గ్రంథమందలి ‘నేను’ వెనుక మాకు ‘మేము’ వినవచ్చుచున్నది.