ఎముక పక్కన ఎముక

1871 జూన్‌లో బర్మా తీరంలో ఓ తిమింగలం దారి తప్పింది. మార్తబాన్ సింధుశాఖలో కలిసే థేబ్యూ చౌంగ్ అనే పాయలోకి వచ్చి ఒడ్డున ఇరుక్కుపోయింది. బయటపడాలని కొట్టుకుని, ఏనుగులా ఘీంకరించి, చివరికి ప్రాణం విడిచింది. పొడవు 37 అడుగులు. వాతావరణం భయంకరంగా ఉన్నా డ్యూక్ అనే ఉద్యోగి అక్కడికి వెళ్లి, ఒక రెక్కలోని కొన్ని చిన్న ఎముకలూ, దవడ కొనా తప్ప అస్థిపంజరమంతా దక్కించాడు. అది కలకత్తా చేరింది. ఇండియన్ మ్యూజియం తొలి క్యురేటర్ జాన్ ఆండర్సన్ దాన్ని పరిశీలించి, అప్పటిదాకా ఎవరూ గుర్తించని జాతి అని తేల్చాడు. ఎముకలు సంపాదించడంలో సాయపడిన బర్మా పాలనాధికారి ఆష్లే ఈడెన్ పేరు మీదుగా 1870ల చివర్లో దానికి బలీనోప్టెరా ఈడెనై అని పేరు పెట్టాడు.

1913లో నార్వే శాస్త్రవేత్త ఓల్సెన్ దక్షిణాఫ్రికా తిమింగలాలకు బ్రైడై అనే పేరు పెట్టాడు. ఈ రెండూ ఒకటేనా, వేర్వేరా అన్న వాదన ఇంకా తెగలేదు. ఎవరు ఏ పక్షాన వాదించినా, ఈడెనై అన్న పేరు దేనికి చెందుతుందో చెప్పాలంటే కోల్‌కతాలోని ఆ అస్థిపంజరమే ప్రమాణం. కొత్త జాతికి ఆధారంగా నిలిపిన ఇలాంటి దాన్ని మూల నమూనా అంటారు. అభిప్రాయాలు ఎన్ని మారినా పేరు దాన్నే అంటిపెట్టుకుని ఉంటుంది.

తెలియని కళేబరానికి పేరు చెప్పే ఈ విద్యకు మన దేశంలో కోల్‌కతా పుట్టిల్లు. ఇండియన్ మ్యూజియానికి మూలమైన, 1814లో ఏషియాటిక్ సొసైటీ మొదలుపెట్టిన మ్యూజియానికి 1841లో ఎడ్వర్డ్ బ్లైత్ క్యురేటర్‌గా వచ్చాడు. ఎక్కడెక్కడి అధికారులో పంపిన తోళ్లు, పుర్రెలు, కొమ్ములు బల్ల మీద పేర్చుకుని రెండు దశాబ్దాలు పనిచేశాడు. హిందూ మహాసముద్రపు నీలి తిమింగలం ఉపజాతికి నేడు వాడే ఇండికా అన్న పేరు 1859లో ఆయన పెట్టిందే. 1916 జులై 1న జూలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా ఏర్పడినప్పుడు ఈ పని దానికి వారసత్వంగా దక్కింది. ఇప్పుడు దాని ప్రధాన కార్యాలయం న్యూ ఆలీపూర్‌లో ఉంది.

ఇక పనితీరు. చేతికి ఒక ఎముక వచ్చిందనుకుందాం. ఒంట్లో ఎక్కడిది? కుడివైపుదా, ఎడమవైపుదా? ఈ రెండూ తేలాక వయసు చూస్తారు. ఎదిగే జంతువులో పొడవాటి ఎముకల చివరలు మధ్య భాగంతో ఇంకా అతుక్కుని ఉండవు. ఎదుగుదల ఆగాకే కలిసిపోతాయి. సముద్రపు ఒడ్డున ఒక్కోసారి గుండ్రటి ఎముక బిళ్లలు దొరుకుతాయి. అవి లేత తిమింగలం వెన్నుపూసల నుంచి ఊడిన మూతలు కావచ్చు. వయసు తెలియకుండా సైజును నమ్మితే పెద్ద జాతి పిల్లను చిన్న జాతిగా పొరబడతాం.

పుర్రె దొరికితే సగం పని అయినట్టే. పళ్లు రాలిపోయినా గుంటలు లెక్కపెట్టవచ్చు. పిల్లి కుటుంబంలో సాధారణంగా 30 పళ్లు, పునుగు పిల్లికీ ముంగిసకూ 40, కుక్కకూ నక్కకూ 42. కోల్‌కతా చుట్టుపక్కల చిత్తడి నేలల్లో బావురు పిల్లి తిరుగుతుంది. అది పశ్చిమ బెంగాల్ రాష్ట్ర జంతువు; మన కోరింగ మడ అడవుల్లోనూ ఉంది. రోడ్డు మీద చచ్చిపడితే ఒంటి మీది మచ్చలు చూసి జనం చిరుతపులి పిల్ల అనుకుంటారు. తల్లి చిరుత దగ్గర్లోనే ఉందని ఊరంతా బెదిరిపోతుంది. నోరు తెరిచి చూస్తే చాలు: ఆ సైజు చిరుత పిల్లకు పాలపళ్లు ఉండాలి. అరిగిన పెద్ద పళ్లు, అతుక్కుపోయిన ఎముకలు కనిపిస్తే అది ఎదిగిన బావురు పిల్లే. ఈ చిన్న పరీక్షతో కొన్ని బావురు పిల్లులైనా కర్రదెబ్బలు తప్పించుకుంటాయి.

కొమ్ముల సంగతి వేరు. దుప్పి కొమ్ము పూర్తిగా ఎముకే, ఏటా రాలి మళ్లీ మొలుస్తుంది. కృష్ణజింకది అలా కాదు, లోపల ఎముక బొడిపె, పైన తొడుగు, జీవితాంతం అదే. తోలు చిరుగు దొరికితే వెంట్రుకను మైక్రోస్కోప్ కింద పెట్టి పైపొర పొలుసుల అమరికనూ, లోపలి మజ్జనూ చూస్తారు. ఏనుగు దంతాన్ని అడ్డంగా కోస్తే ఒకదాన్నొకటి ఖండించుకునే వంపు గీతలు కనిపిస్తాయి. ప్లాస్టిక్‌లోనూ మామూలు ఎముకలోనూ అవి ఉండవు. పులి గోరని అమ్మేవాటిలో పశువుల కొమ్ము చెక్కి చేసినవి చాలా ఉంటాయి. ఒక మనిషి జైలుకు వెళ్లాలా వద్దా అన్నది ఇలాంటి తేడా మీద ఆధారపడవచ్చు కాబట్టి తేల్చేవారు తొందరపడకూడదు. కళ్లు మోసపోవడం తేలిక: తోలు వలిచిన ఎలుగుబంటి పాదం మనిషి చేయిలా, డాల్ఫిన్ రెక్క లోపలి ఎముకలు అయిదు వేళ్లలా కనిపిస్తాయి.

ఈ చరిత్రలో మన విశాఖపట్నానికీ చోటుంది. అమరావతి స్తూపాన్ని 1845లో తవ్వించిన వాల్టర్ ఇలియట్ ఉత్తర సర్కారుల కమిషనర్‌గా వాల్తేరులో ఉన్నప్పుడు తీరానికి చేరిన సముద్ర జీవుల్నీ వదల్లేదు. ఆయన సేకరించినవాటి ఆధారంగా లండన్‌లో శాస్త్రవేత్త రిచర్డ్ ఓవెన్ 1866లో ఇరావతీ డాల్ఫిన్‌కూ, మరుగుజ్జు స్పెర్మ్ తిమింగలానికీ పేర్లు పెట్టాడు. రెండోదాన్ని తర్వాత చాలామంది దాని దగ్గరి చుట్టంతో కలిపేశారు. 1966లో హ్యాండ్లీ అనే శాస్త్రవేత్త ఆ రెండింటినీ పోల్చి మళ్లీ విడదీశాడు. నూరేళ్ల తర్వాత ఓవెన్ మాట నిలబడింది.

అప్పటి కర్నూలు జిల్లాలోని బిల్లసర్గం గుహల్లో 1880లలో భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కుమారుడు తవ్వి తీసిన ఎముకలను శాస్త్రవేత్త లిడెక్కర్ గుర్తించగా, కలకత్తాలోని జియలాజికల్ సర్వే 1886లో ప్రచురించింది. అందులో ఖడ్గమృగం ఉంది. రాయలసీమలో ఒకప్పుడు ఖడ్గమృగం మేసిందని ఆ ఎముకలు లేకపోతే ఎవరు నమ్ముతారు?

హైదరాబాద్‌లో సీసీఎంబీ పరిశోధన సంస్థకు చెందిన లాకోన్స్ ప్రయోగశాల నేడు చిన్న మాంసం ముక్క నుంచి డీఎన్‌ఏ తీసి జంతువు పేరు చెబుతోంది. లాల్జీ సింగ్, సునీల్ కుమార్ వర్మ 2003లో ప్రకటించిన పద్ధతి ఎన్నో జాతులకు పనికొస్తుంది. ఇది గొప్ప ముందడుగు. అయితే డీఎన్‌ఏ వరుసను కూడా ముందే పేరు తేలిన జంతువు వరుసతోనే పోల్చాలి. ఆ పేరు సరైనదని చెప్పే సాక్ష్యం ఎక్కడో ఒక సొరుగులో, నంబరు వేసిన చీటీతో ఉండాలి. దొరికిన చోటూ తేదీ రాసిన ఆ చీటీ పోతే ఎముక విలువలో చాలా భాగం పోతుంది. అందుకే మ్యూజియం సొరుగులకు పెట్టే ఖర్చు దండగ అనే మాట వింటే నాకు బాధ కలుగుతుంది.

దీఘా తీరంలోనో, భీమిలి తీరంలోనో తెలియని కళేబరం కనిపిస్తే చేయగలిగింది చాలానే ఉంది. పక్కన స్కేలు పెట్టి మొత్తం శరీరాన్నీ, తలనూ, పళ్లనూ, పాదాలనూ ఫొటో తీయండి. చోటూ తేదీ రాసుకోండి. ఉత్త చేతులతో ముట్టుకోవద్దు, జ్ఞాపకంగా పన్నో గోరో ఇంటికి తేవద్దు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వన్యప్రాణి కళేబరమూ, దాని భాగాలూ ప్రభుత్వ ఆస్తి. అలాంటిది చేతికి వస్తే 48 గంటల్లో దగ్గరలోని పోలీస్ స్టేషన్‌లోనో, అధీకృత అధికారికో తెలపాలి. అటవీ శాఖకు వెంటనే ఫోన్ చేస్తే, కుక్కలూ అలలూ చెదరగొట్టకముందే పుర్రె చేరాల్సిన చోటికి చేరుతుంది.