‘సహకారం’ కింద ఉన్న పేరు

మా కథా సంకలనం రెండో ముద్రణ పని మొదలయ్యాక ‘మనకు తెలియని మన చరిత్ర’ మళ్లీ తీశాను. 1986లో స్త్రీశక్తి సంఘటన తెచ్చిన ఈ పుస్తకాన్ని ఇన్నేళ్లూ తెలంగాణ సాయుధ పోరాట చరిత్రగానే చదివాను, పాఠం చెప్పాను. ఈసారి మాత్రం, కలిసి పనిచేసే చోట ఎవరికి ఏ పని దక్కుతుంది, దానికి ఏం పేరు పెడతారు అన్న ప్రశ్నతో చదివాను.

దళంలో తుపాకీ పట్టిన మల్లు స్వరాజ్యం మనందరికీ తెలుసు. మిగతావాళ్లలో చాలామంది కబుర్లు చేరవేశారు, వండిపెట్టారు, డెన్లలో ఇల్లాళ్లుగా కనబడుతూ నాయకుల్ని కాపాడారు. డెన్ నడపడమంటే ఏమిటి? గుమ్మంలోకి వచ్చిన మనిషి ఎవరో పసిగట్టాలి. పక్కింటివాళ్లకి అనుమానం రాకుండా మాట్లాడాలి. నిర్ణయాలు తీసుకోవాల్సిన పని అది. కానీ దానికి దక్కిన పేరు ‘సాయం’. 1951లో పోరాటం విరమించాక ఇళ్లకి వెళ్లి సంసారాలు చూసుకోమనడం అంత తేలికైంది ఈ పేరు వల్లేనని నా అభిప్రాయం. సాయానికి వచ్చినవాళ్లు పనయ్యాక వెళ్లిపోవాల్సిందే కదా!

అందరూ తుపాకీ పట్టి ఉండాల్సిందని కాదు. పనులు పంచుకోక తప్పదు. స్వరాజ్యాన్ని ఒక్కదాన్నే ఎత్తి చూపే మన స్త్రీవాద విమర్శ కూడా మగవాళ్ల కొలబద్దనే వాడుతోందేమో అని నా అనుమానం.

ఇక మా సంగతి. సంకలనానికి ఐదుగురం పనిచేశాం. కథలు ఎంచి ముందుమాట రాసిన ఇద్దరం సంపాదకులమయ్యాం. ఇంకొక స్నేహితురాలు పాత పత్రికల కోసం లైబ్రరీల చుట్టూ తిరిగింది, చనిపోయిన రచయిత్రుల పిల్లల్ని వెతికి అనుమతులు తెచ్చింది, ప్రూఫులు నాలుగుసార్లు దిద్దింది. ఒక కథకి పత్రికలో ఉన్న ముగింపు పుస్తకంలో మారిపోయిందని కనిపెట్టింది కూడా ఆమే. దాని మీద ముందుమాటలో నేను రెండు పేజీలు రాసి మెప్పు పొందాను. ఆమె పేరు ‘సహకారం’ కింద, చిన్న అక్షరాల్లో, డీటీపీ చేసినామె పక్కన వేశాం. (చూశారా, ఈ వాక్యం రాస్తూనే డీటీపీ చేసినామెని ఇంకో మెట్టు కిందికి దించాను.)

ఆవిష్కరణ సభకి వచ్చింది, కుర్చీలు సర్దింది, ఏమీ అనలేదు. మొన్న రెండో ముద్రణ ప్రూఫుల కోసం ఫోన్ చేస్తే, “ఈసారి నువ్వు దిద్దు, ముందుమాట నేను రాస్తాను” అంది. నాకు కోపం వచ్చింది. ఆమెకి రాయడం వచ్చా అనుకున్నాను. నాకు దిద్దడం వచ్చా అన్న ఆలోచనే రాలేదు.

ఒప్పుకున్నాను. మొదటి ఫారంలో నేను వదిలేసిన పదకొండు తప్పులకి ఆమె ఎర్ర సిరాతో సున్నాలు చుట్టి పంపింది. ముందుమాట ఇంకా రాలేదు.