బావంచాలు లేని సున్నిపిండి

అమ్మ రొమ్ములో గడ్డ క్యాన్సరేనని బయాప్సీ కాగితం చేతికొచ్చిన సాయంత్రం, నంద్యాలలో మా ఇంటి స్నానాలగదిలో ఉన్న సబ్బులు, షాంపూలు, క్రీములు అన్నీ ఒక సంచిలో వేసి చెత్తబండికి ఇచ్చేశాను. వాటివల్ల అమ్మకు జబ్బొచ్చిందని నాకెవరూ చెప్పలేదు. అసలు అమ్మ వాటిని ముట్టుకున్నదే లేదు. ఆమె ఉండేది ఆళ్ళగడ్డలో, తల రుద్దుకునేది నల్లమల నుంచి సంతకొచ్చే కుంకుళ్ళతో. అయినా పడేశాను. ఆపరేషన్ సర్జన్ చేస్తాడు, కీమో నర్సు ఎక్కిస్తుంది, కూతురు కూడా ఏదో ఒకటి చేయాలి కదా.

సున్నిపిండి కొట్టిద్దామనుకున్నాను.

మా అమ్మమ్మ లెక్క ఇది: పడి పెసలు, అర పడి పచ్చిశనగపప్పు, గుప్పెడు బావంచాలు, గుప్పెడు కచ్చూరాలు, కాసిని వట్టివేళ్ళు, తుంగగడ్డలు, నాలుగు కస్తూరి పసుపు కొమ్ములు, నీడన ఆరిన గులాబీ రేకలు, ఎండబెట్టిన నిమ్మతొక్కలు. పెసలూ శనగలూ మా నల్లరేగడివే. యంత్రంతో కోయడానికి వీలుగా నిటారుగా పెరిగే నంద్యాల శనగ 47 రకం పుట్టింది మా ఊరి పరిశోధన కేంద్రంలోనే. మిగతావన్నీ శెట్టి అంగడిలో దొరుకుతాయి. వాటిని మూడు రోజులు మిద్దె మీద ఎండబెట్టి పిండిమరకు పోవాలి. అక్కడొక మర్యాద ఉంది. మిరపకాయలు పట్టిన మరలో సున్నిపిండి పోయకూడదు. ముందు ఎవరిదైనా బియ్యమో జొన్నలో పట్టేదాకా కూర్చోవాలి. చిన్నప్పుడొక దీపావళికి మా నాయన ఈ సంగతి తెలియక వరసలో ముందు నిలబడి పట్టించుకొచ్చాడు. ఆ పొద్దు మా ఇంట్లో అందరి వీపులూ తూర్పున సూర్యుడిలా వెలిగాయి.

ఈసారి నేను గంటన్నర కూర్చున్నాను. రెండు కిలోల డబ్బా నింపుకొని ఇంటికొచ్చాను. అంతటితో ఆగానా? బంతిపూల రేకలు కొబ్బరినూనెలో నానేశాను. రేడియేషన్ తీసుకునే రొమ్ము క్యాన్సర్ రోగులకు కలెండ్యులా పూల లేపనం మేలు చేసిందని ఎక్కడో చదివాను. చదివింది అబద్ధమేమీ కాదు. ఫ్రాన్స్‌లో 254 మంది మీద చేసిన ఆ పరీక్ష ఫలితాలు 2004లో వచ్చాయి. చర్మం ఓ మోస్తరుగానో అంతకు మించో దెబ్బతిన్నవాళ్ళు మామూలు లేపనం రాసుకున్నవాళ్ళలో 63 శాతం ఉంటే, కలెండ్యులా రాసుకున్నవాళ్ళలో 41 శాతమే. అయితే కలెండ్యులా వేరు, మన బంతి వేరు. మన బంతి మెక్సికో నుంచి వచ్చిన టాజిటిస్. ఇంటర్ పిల్లలకు ఇరవై ఏళ్ళుగా బోటనీ చెబుతున్నదాన్ని, రెండిటికీ తేడా బోర్డు మీద గీసి చూపించినదాన్ని. నూనె వాసన పట్టాక గానీ నాకు ఆ సంగతి గుర్తుకు రాలేదు. భయం ముందు మనిషి చదువును మింగేస్తుంది.

నేనిలా పిండి కొట్టించుకుంటూ నూనె నానబెట్టుకుంటూ ఉండగానే సలహాలొచ్చాయి. ఆళ్ళగడ్డలో అమ్మ వాకిట్లో మంచం వేసుకుని కూర్చుంటే, శిల్పుల షెడ్ల వైపు పోయేవాళ్ళూ వచ్చేవాళ్ళూ ఒక్కొక్కరు ఒక్కో ఆకు పేరు చెప్పి పోయేవారు. అందరిలో పెద్దపీట లక్ష్మణఫలం ఆకుల కషాయానిది. ఆ పండూ ఆకుల కషాయమూ ఎక్కువగా వాడే గ్వాడెలూప్ దీవిలో పార్కిన్సన్ లాంటి ఒక వింత జబ్బు ఎక్కువగా కనిపిస్తోందని 1999లోనే వైద్యులు రాశారు. అది చెబితే ఒకాయన నొచ్చుకున్నాడు. “ఆకే కదమ్మా, ఏం చేస్తాది?” అన్నాడు. మా గుమ్మం పక్కనే బిళ్ళగన్నేరు పూసి ఉంది. విన్‌క్రిస్టిన్, విన్‌బ్లాస్టిన్ అనే కీమో మందులు దాన్నుంచి వచ్చినవే. ఆకు ఏమైనా చేయగలదనే ఆ మందులు మిల్లీగ్రాముల్లో కొలిచి ఎక్కిస్తారు. ఆయనకు ఆ మాట అనలేదు. నా వంటింట్లో నానుతున్న బంతినూనె గుర్తొచ్చి నోరు రాలేదు.

మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికా వెళ్ళకముందు మద్రాసు ఆయుర్వేద కళాశాలలో పాఠాలు చెప్పాడు. తర్వాత ఆయన ప్రయోగశాల నుంచే మెథోట్రెక్సేట్ వచ్చింది. చాలా ఏళ్ళపాటు రొమ్ము క్యాన్సర్ కీమోలో అదొక ముఖ్యమైన మందు. ఆకులో గుణముందని నమ్మడం, ఆ గుణాన్ని కొలవాలనుకోవడం ఒక్క మనిషిలోనే ఇమిడాయి. యేల్ పరిశోధకులు 2018లో అచ్చు వేసిన లెక్క ఒకటుంది. చికిత్స మానేసి ప్రత్యామ్నాయాలను మాత్రమే నమ్ముకున్నవాళ్ళ సంగతి అది. రొమ్ము క్యాన్సర్‌లో వాళ్ళకు చావు ముప్పు 5 రెట్లకు పైనే. ఆ లెక్క చదివిన రాత్రి అమ్మను నంద్యాలకు తెచ్చేసుకున్నాను. వాకిలీ ఆకులూ సలహాలూ ఆళ్ళగడ్డలోనే ఉండిపోయాయి.

ఆపరేషనయింది, కీమో అయింది. వాటి గురించి రాయను. రేడియేషన్ 15 సార్లు, వారానికి 5 రోజులు. పొద్దున్నే నంద్యాల నుంచి కర్నూలుకు బస్సు, మధ్యాహ్నానికి తిరుగు బస్సు. మొదటి రోజే అమ్మ ఎడమ రొమ్ము మీద, పక్కటెముకల మీద మార్కర్‌తో గీతలు గీశారు. ప్రతిరోజూ కిరణం అదే చోట పడాలి కాబట్టి అవి చెరగకూడదు. అమ్మ అద్దంలో చూసుకుని “పండగ ముగ్గేసినారు నా మింద. కల్లాపి చల్లొద్దన్నారు” అనింది.

రెండో రోజు నేను డబ్బా పట్టుకెళ్ళి అక్కడి నర్సుకు గొప్పగా చూపించాను. ఏమేం కలిపారని అడిగింది. వరసగా చెప్పాను. శనగపప్పు దగ్గర చెయ్యి అడ్డం పెట్టి, “మేడం, దీంతో మీరు బజ్జీలేసుకోండి. ఆ గీతల దగ్గర వేలు కూడా రుద్దొద్దు” అనింది. పక్కన కూర్చున్నవాళ్ళు నవ్వారు. అమ్మ అందరికంటే గట్టిగా నవ్వింది.

ఆ రాత్రి డబ్బా ముందు కూర్చుని, కలిపిన వాటిని ఒక్కొక్కటే తలచుకున్నాను. ముందు బావంచాలు. చిక్కుడు కుటుంబం మొక్క, నల్లటి చిన్న గింజ. అందులో సోరాలెన్ ఉంటుంది. చర్మానికి పట్టించి ఎండలో నిలబడితే అది వెలుగును పట్టుకుని చర్మాన్ని కాలుస్తుంది. బొల్లికి మన వైద్యులు ఆ గింజను వాడింది ఈ గుణం చూసే. ఇప్పుడు చర్మవైద్యులు సోరాలెన్ ఇచ్చి అతినీలలోహిత కిరణాల కింద నిలబెట్టేదీ అందుకే. అదే గింజలోని బకుచియోల్‌ను వేరుచేసి ముడతలు తగ్గించే సీరమ్‌గా చిన్న సీసాలో పోసి వందలకు వందలు తీసుకుంటున్నారు. 2019లో ఒక బ్రిటిష్ చర్మవైద్య పత్రికలో అచ్చయిన పరీక్ష 44 మంది మీద దాన్ని రెటినాల్‌తో పోల్చి చూసి, ముడతలకు దానంత పనీ చేసిందని, దానికంటే తక్కువ మంట పెట్టిందని తేల్చింది. గింజ మంచిదే. కానీ కీమో మందుల్లో కొన్ని చర్మాన్ని ఎండకు ఓర్వకుండా చేస్తాయి, రేడియేషన్ తగిలిన చోట ఎండ పడనే కూడదు. ఇక్కడేమో వేసవిలో 40 దాటడం వింతే కాదు. నేను గుప్పెడు బావంచాలు వేసిన పిండితో తల్లి ఒళ్ళు రుద్దబోయాను.

నిమ్మతొక్కలదీ ఇదే తంతు. నిమ్మజాతి తొక్కల్లోనూ సోరాలెన్ చుట్టాలుంటాయి. కచ్చూరాలు, వట్టివేళ్ళు వాసనకే, వాసన మంట పెట్టే చర్మానికి అవసరం లేదు. పసుపు దగ్గర మాత్రం చాలాసేపు ఆగాను. ఆళ్ళగడ్డ దాటి మైదుకూరు వైపు పోతే అదంతా పసుపు పండించే సీమ, ఉడకబెట్టిన కొమ్ముల వాసన రోడ్డు మీదికొస్తుంది. దాన్నెలా కాదనుకోవాలి? రోచెస్టర్‌లో 2013లో 30 మంది రొమ్ము క్యాన్సర్ రోగులకు రోజూ 6 గ్రాముల కుర్కుమిన్ మాత్రలిస్తే చర్మం తక్కువ దెబ్బతింది. ప్రపంచమంతా మురిసిపోయింది. 2018లో వాళ్ళే 680 మందికి పైగా రోగుల మీద మళ్ళీ చూస్తే తేడా తేలలేదు. మెరుపు కోసం కొమ్ములకు సీసం ఉన్న రంగు పూసే వ్యాపారులు వేరే ఉన్నారు. అంత పచ్చగా మెరిసే పసుపును ఈమధ్య నేను అనుమానంగానే చూస్తున్నాను.

చివరకు పెసర, శనగ పిండే మిగిలింది. అదీ రేడియేషన్ అయిపోయేదాకా అక్కర్లేదు. ఆ 15 రోజులకు పనికొచ్చినవి గోరువెచ్చని నీళ్ళు, మంట పెట్టని సబ్బు నురగ అరచేతిలో, గీతలు చెరగకుండా. తర్వాత తుడవకూడదు, తుండుతో అద్దాలి.

ఆ అద్దే తుండు దగ్గరే నాకొక పని దొరికింది. నాయన పోయి ఆరేళ్ళయింది, ఆయన పంచెలు రెండు పెట్టెలో ఉన్నాయి. వందసార్లు ఉతికినవి, వెన్నలా మెత్తబడ్డాయి. ఒకదాన్ని చింపి తుండ్లు చేశాను. ఇంకోదాన్ని టైలరు దగ్గరికి తీసుకుపోతే, పాత పంచెతో రైకలా అన్నట్టు చూశాడు. చంక కింద కుట్టు లోపలికి తగలకూడదు, హుక్కులు వద్దు, నాడాలు చాలు, చెయ్యి మోచేతి దాకా వదులుగా ఉండాలి అని చెప్పాను. మూడు రైకలు కుట్టాడు, డబ్బులు తీసుకోలేదు. ఎడమ భుజం మీద పైట ఒరుసుకుంటోందని అమ్మ కుడివైపు వేసుకోవడం మొదలుపెట్టింది. బస్సులో ఎవరో “గుజరాత్ నుంచి వచ్చినారా?” అని అడిగారట. “ఆళ్ళగడ్డే, కొత్త ఫ్యాసను” అని చెప్పిందట.

మూడో వారంలో గీతల లోపలి చర్మం కమిలింది. పుస్తకాల్లో ఎర్రబడుతుందని రాస్తారు, మన చామనఛాయ ఒంటి మీద అది నల్లబడినట్టే కనిపిస్తుంది. అసలు మంట రేడియేషన్ అయిపోయాక వచ్చింది. ఇంకో పది రోజులు ముదిరి, రొమ్ము కింద మడతలో పొర లేచింది. డాక్టరిచ్చిన మందు రాశాం. నేను చేసిందల్లా రాసే ముందు చేతులు కడుక్కోవడం, ఫ్యాను కింద ఆమెను పడుకోబెట్టి గమ్మునుండటం. గమ్మునుండటం నాకింకా సరిగా చేతకాదు. మంచం చుట్టూ తిరుగుతుంటే “కూర్చోవే, గాలి అడ్డమొస్తావుంది” అనేది.

ఆళ్ళగడ్డలో అమ్మ ఇంటి వెనకాల శిల్పులు విగ్రహాన్ని నునుపు చేసేటప్పుడు నీళ్ళు పోస్తూ పోస్తూ రుద్దుతారు. చిన్నప్పుడు గంటలకొద్దీ చూసేదాన్ని. ఎంత రుద్దితే అంత మెరుస్తుందని అక్కడే నేర్చుకున్నట్టున్నాను.

ఏడాది గడిచింది. అమ్మ మళ్ళీ ఆళ్ళగడ్డకు వెళ్ళిపోయింది. చంకలో గ్రంథులు తీసినందువల్ల ఎడమ చేతికి సూదీ బీపీ పట్టీ వద్దన్నారు, అమ్మ ఆ చేతితో పని మాత్రం మానలేదు. కర్నూలు డాక్టరు నలుగు పెట్టుకోవచ్చన్నాడు, ఎడమవైపు మాత్రం మెల్లగా. ఉగాదికి వారం ముందు పెసలూ శనగపప్పూ మాత్రం ఎండబెట్టి, మరలో జొన్నల తర్వాత పట్టించి, డబ్బా ఆళ్ళగడ్డకు తీసుకెళ్ళాను. అమ్మ మూత తీసి వాసన చూసింది.

“బావంచాలు లేవే.”

“లేవు. కస్తూరి పసుపూ లేదు, నిమ్మతొక్కలూ లేవు. నీకు పనికిరావు.”

“నాకు పనికిరావు సరే. నీ వీపుకేం రోగమొచ్చింది?” అనింది అమ్మ. డబ్బా మూత పెట్టి, శెట్టి అంగడి మూసేలోపు పోయి గుప్పెడు బావంచాలు తెమ్మని నన్ను పంపింది.