ఏటికొప్పాక బొంగరం

నర్సీపట్నం నుంచి అడ్డరోడ్డు వైపు వస్తే వరాహ నది ఒడ్డున ఏటికొప్పాక తగులుతుంది. లక్కబొమ్మల ఊరు. రాజారాణులు, ఎడ్లబళ్లు, కుంకుమ భరిణెలు, ఆడపిల్లల లక్కపిడతలు చూడ్డానికి అందరూ వెళ్తారు. ఆ ఊరి పనితనం తెలియాలంటే మాత్రం బొంగరాన్నే చూడాలంటాను. బొమ్మలో తప్పుంటే రంగు కప్పేస్తుంది. బొంగరంలో తప్పుంటే నేల మీద తిప్పగానే బయటపడుతుంది.

తిరిగే వస్తువుకి ఆకారం ఎంత ముఖ్యమో అది దేనితో చేసిందన్నదీ అంతే ముఖ్యం. అమెరికాలో డిస్క్ గోల్ఫ్ ఆడేవాళ్లకి ఈ సంగతి బాగా తెలుసు. గొలుసులు వేలాడే బుట్టలోకి పళ్లెం లాంటి డిస్కు విసిరే ఆట అది. 1983లో మొదలైన ఇన్నోవా కంపెనీ ఒకే అచ్చులో డీఎక్స్ అనే చౌక ప్లాస్టిక్కూ పోస్తుంది, ఛాంపియన్ అనే గట్టి ప్లాస్టిక్కూ పోస్తుంది. డీఎక్స్ చేతికి మంచి పట్టు ఇస్తుంది గానీ చెట్లకి తగిలి తగిలి త్వరగా అరుగుతుంది, అరిగినకొద్దీ గాల్లో దాని దారి మారిపోతుంది. ఛాంపియన్ చాలాకాలం మొదటి దారినే పోతుంది. స్వీడన్‌లో లాటిట్యూడ్ 64 వాళ్లూ అంతే, రకరకాల ప్లాస్టిక్కులతో చేస్తారు. వేగం, తేలడం, మలుపు, చివర్లో వాలడం అని తయారీదార్లు వేసే నాలుగు అంకెలు చూసి ఆటగాళ్లు ఒక్కో డిస్కునీ బేరీజు వేస్తారు. అంత శ్రద్ధగా చూడాల్సిన వస్తువు మన గుమ్మంలోనే ఉంది.

ఏటికొప్పాక బొంగరం అంకుడు కర్రతో చేస్తారు. తెల్లని కర్ర, సన్నని నార, ఉలికి చక్కగా లొంగుతుంది. కొమ్మ కొట్టిన వెంటనే పనికిరాదు, బాగా ఎండాలి. కర్ర ఎండేటప్పుడు అన్ని వైపులా ఒకేలా కుంచించుకుపోదు. వలయాల వెంబడి ఎక్కువగా, నడిమి నుంచి అంచుకి తక్కువగా తగ్గుతుంది. అందుకే పచ్చి కర్రతో గుండ్రంగా తీసిన బొంగరం కొన్నాళ్లకి కోలగా మారుతుంది. కొన్నరోజు బాగా తిరిగి, తర్వాత తల ఊపే బొంగరాల రహస్యం చాలావరకు ఇదే.

ఇక తరిమెన పని. కర్రముక్క ఏ ఇరుసు చుట్టూ తిరుగుతూ చెక్కుడు పడుతుందో, రేపు బొంగరమై అదే ఇరుసు మీద తిరగాలి. అంచూ, నడుమూ, ములికీ ఒక్క బిగింపులోనే తెగాలి. మధ్యలో ఊడదీసి మళ్లీ బిగిస్తే వెంట్రుకవాసి తేడా చాలు, బొంగరం ఊగుతుంది. పూర్వం ఒకరు తాడు లాగుతుంటే ఇంకొకరు ఉలి పట్టేవారు. మోటారు వచ్చాక లాగే చెయ్యి తప్పింది గానీ, ఉలి పట్టే చెయ్యి అదే.

నాకు అన్నిటికంటే అబ్బురంగా తోచేది లక్క పూత. లక్క పురుగు కొమ్మల మీద వదిలే జిగురుని బొగ్గుల సెగకి మెత్తబరిచి, రంగు కలిపి, సాగదీసి కడ్డీలు చేస్తారు. తిరుగుతున్న కర్రకి ఆ కడ్డీ ఆనించగానే రాపిడి వేడికి లక్క కరిగి అంటుకుంటుంది. మొగలి ఆకు పెట్టి ఒత్తితే సమంగా పరుచుకుని తళతళలాడుతుంది. కుంచెతో వేసిన రంగు ఒక పక్కకి కారి గట్టిపడొచ్చు. తిరుగుతూ పడిన లక్క మాత్రం చుట్టూ ఒకే మందాన నిలుస్తుంది. అంటే అలంకరణ కోసం వేసిన పూత కూడా తూకం చెడగొట్టదు.

పూసిన గీతలే పరీక్ష కూడా. బొంగరం తిప్పి పైనుంచి చూడండి. పని బాగుంటే పసుపు, నీలం, ఎరుపు వలయాలు కదలకుండా నిలిచినట్టు కనిపిస్తాయి. ఇరుసు తప్పితే గీతల అంచులు అలుక్కుపోతాయి.

పోల్చి చూస్తే మిగతా ఊళ్ల గొప్ప వేరు. కొండపల్లి వాళ్ల తెల్లపొణికి చాలా తేలిక కర్ర. చెక్కి, ముక్కలు అతికి, దశావతారాలు నిలబెట్టడానికి అంతకు మించింది లేదు, బొంగరానికి మాత్రం ఆ తేలిక పనికిరాదు. కర్ణాటకలోని చన్నపట్న మనకి అసలైన జోడీ. అక్కడా అంకుడు కర్రే, అక్కడా లక్కే. ఇప్పుడు రబ్బరు చెట్టు కర్ర కూడా వాడుతున్నారు. నునుపులో, ఒకే కొలతలో చన్నపట్న సరుకు ముందుంటుందని ఒప్పుకోవాలి. రంగులో నా ఓటు ఏటికొప్పాకకే. పసుపు కొమ్ము, నీలి, జాఫ్రా గింజల నుంచి తీసిన రంగులకి కంటిని గుచ్చని నిండుతనం ఉంది. రసాయన రంగుల హోరులో ఈ దారిని మళ్లీ నిలబెట్టింది అదే ఊరి సి.వి. రాజు. 2023లో ఆయనకి పద్మశ్రీ వచ్చింది. అంతకుముందే 2017లో ఏటికొప్పాక బొమ్మలకి భౌగోళిక గుర్తింపు దక్కింది. 2025 గణతంత్ర దినోత్సవంలో మన రాష్ట్ర శకటం మీద ఢిల్లీ వీధిలో ఊరేగినవీ ఈ బొమ్మలే. ఇంత పేరొచ్చినా అంకుడు కర్ర దొరకడం కష్టమవుతోందన్నది అక్కడి కళాకారుల బాధ.

ఈసారి అటు వెళ్తే బొంగరం కొనండి. ధర అడిగే ముందు నేల మీద తిప్పి చూడండి. కర్ర అంకుడేనా, రంగు చెట్టుదా డబ్బాదా అని అడగండి. మంచిదనిపిస్తే బేరం ఆడొద్దు. చెలక గట్టునో ఇంటి పెరట్లోనో జాగా ఉన్నవాళ్లు ఒక అంకుడు మొక్క కూడా నాటండి.