నమ్మకం మన చేతిలోనిదేనా? - గోపీచంద్ నవలపై ఒక పరిశీలన

హేతువాది త్రిపురనేని రామస్వామి చౌదరి కుమారుడై, మానవేంద్రనాథ రాయ్ భావాలతో చాలాకాలం నడిచిన గోపీచంద్ (1910-1962), చివరికి అరవిందుల వైపు మొగ్గడం వెనుకడుగని కొందరు విమర్శకులు అంటూ ఉంటారు. మనిషి తన నమ్మకాన్ని అంగట్లో వస్తువులా ఏరుకుంటాడనీ, గోపీచంద్ ఏరుకోవడంలో పొరబడ్డాడనీ ఈ తీర్పులో ఒక ఊహ దాగి ఉంది. ఈ ఊహ నిలవదని మా అభిప్రాయం. అందుకు సాక్ష్యం 1940లలో వెలువడిన ఆయన నవల 'అసమర్థుని జీవయాత్ర'.

వంశప్రతిష్ఠ మీది నమ్మకం సీతారామారావు ఎంచుకున్నది కాదు. మరణశయ్య మీద తండ్రి అప్పగించి పోయినది. దానికోసం ఆస్తి హారతికర్పూరమయింది. ఆ ప్రతిష్ఠ వట్టిదని అతని బుద్ధి గ్రహించకపోలేదు. గ్రహించినంత మాత్రాన అది వదలలేదు. రామయ్య తాత హితవు చెవికెక్కినా మనసుకెక్కదు. పాతది కూలిన చోట, కావాలనుకున్నా, కొత్త నమ్మకం మొలవదు. కథ శ్మశానంలో ముగుస్తుంది.

ఈ నవలను గోపీచంద్ తన తండ్రికే అంకితమిచ్చారు, ప్రశ్నించడం నేర్పినందుకు. ఇక్కడ ఇద్దరు తండ్రులను పోల్చి చూడాలి. కథలోని తండ్రి కొడుక్కి జవాబు ఇచ్చి పోయాడు. రచయిత తండ్రి ప్రశ్న ఇచ్చి పోయారు. రెండూ వారసత్వాలే. అయితే జవాబు మనిషిని కట్టివేస్తుంది, ప్రశ్న కదిలిస్తుంది.

కనుక నమ్మకం మన ఆజ్ఞకు లోబడదు. ఏ సందేహాన్ని దాటవేయకుండా ఎదుర్కొంటామన్నది మాత్రం కొంతవరకు మన చేతిలో ఉంది. గోపీచంద్‌ను ఆయన ఎక్కడికి చేరారన్న దానిని బట్టి కాక, అడగడం మానారా లేదా అన్న దానిని బట్టి తూచాలి.

నవలలో ఒక లోపం లేకపోలేదు. తండ్రి మోపిన బరువుకు కొడుకును 'అసమర్థుడు' అనడం న్యాయమా? పేరు వ్యక్తిని నిందిస్తుంది, కథ వారసత్వాన్ని నిందిస్తుంది. ఈ వైరుధ్యాన్ని రచయిత పరిష్కరించలేదు.

బెంగుళూరులోనో, మదురైలోనో, బరంపురంలోనో చదువుకొనే మనకు ఈ చర్చ దూరమైనది కాదు. తెలుగు మనదన్న నమ్మకం మనకూ పెద్దల నుండి వచ్చినదే. అంతమాత్రాన అది అబద్ధం కాబోదు. కాని 'ఎందుకు' అని ఒక్కసారైనా అడిగి చూడనిదే అది మన సొంతమూ కాదు.